చెక్కు గుమ్మం పట్టలేదు

మార్చి వచ్చిందంటే మా ఊరి బడి మీద కంపెనీలకు ప్రేమ పొంగుతుంది. కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజానికి పెట్టాలి కదా. ఏడాది ముగిసేలోగా ఎక్కడో ఒకచోట కొబ్బరికాయ కొట్టాలి.

ఈసారి కనిగిరి దగ్గర మా బడిలో కొట్టారు. ఒక కంపెనీ, ఒక స్వచ్ఛంద సంస్థ చేతులు కలిపి మాకో 'సామాజిక ఆవిష్కరణ' ప్రసాదించాయి. మా ఊళ్లో దాన్ని మంచినీళ్ల ఫిల్టరు అంటారు.

ఫిల్టరు కంటే ముందు చెక్కు వచ్చింది. బ్యాంకులో వేసేది కాదు, ఎనిమిదడుగుల థర్మాకోల్ చెక్కు. గుమ్మం పట్టలేదు. పక్కకి తిప్పితే సులువుగా దూరేదే, కానీ అలాగైతే లోగో వీడియోలో పడదట! అందుకని సభే బయటికొచ్చింది, పిల్లలు ఎండలోకొచ్చారు. ఇంతలో గాలికి చెక్కు మూల విరిగి, 5 లక్షలు కాస్తా 5 వేలైంది. సంస్థ కుర్రాడు పరుగున వచ్చి, ఊడిన రెండు సున్నాలనూ చేత్తో అదిమిపట్టుకుని ఫొటో అయ్యేదాకా నిలబడ్డాడు. భాగస్వామ్యం అంటే ఏమిటో నాకప్పుడర్థమైంది. చెక్కు కంపెనీది, సున్నాలు మోసే పని సంస్థది.

జూలైకల్లా ఫిల్టరులో నీళ్లు వడకట్టే పొర, అదే మెంబ్రేన్, పోయింది. హెడ్మాస్టరు గారు ఫోన్ చేస్తే కంపెనీ "ప్రాజెక్టు క్లోజ్ అయిపోయిందండీ" అంది. సంస్థేమో "మెయింటెనెన్స్ బడ్జెట్‌లో లేదు సార్" అంది.

బడ్జెట్‌లో లేదా? నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు నెల్లూరు జిల్లాలో ఉందని 1937లోనే వైద్యులు రాశారు. కనిగిరి అప్పుడు ఆ జిల్లాలోదే. అప్పట్నుంచీ ఇక్కడ పళ్లు గారపడుతూనే ఉన్నాయి, ఎముకలు వంగుతూనే ఉన్నాయి. ఇదంతా తెలిసి కూడా పిల్లల నోటి ముందు మంచినీళ్లు పెట్టి, నాలుగు నెలలకే లాగేసుకున్నారు. సిగ్గుండాలి! రిబ్బన్‌కి, శాలువాలకి, డ్రోన్ కెమెరాకి ఉన్న డబ్బు ఒక్క మెంబ్రేన్‌కి లేకపోయిందా?

2005లో హైదరాబాద్‌లో ఒక కంపెనీ పెద్దల చొరవతో 108 అంబులెన్సు మొదలైంది. తర్వాత రాష్ట్రాలు దాటింది. ఏటేటా డీజిల్‌కి, జీతాలకి ఎవరో ఒకరు, ఎక్కువగా ప్రభుత్వాలే, డబ్బు కడుతూ వచ్చారు కాబట్టి బండి కదిలింది. డీజిల్‌తో ఫొటో దిగాలని ఎవరికీ అనిపించదు, అదే చిక్కు.

మూడో తరగతి కిటికీకి రెక్క లేదు. వాన జల్లు కొట్టకుండా ఇప్పుడు ఆ చెక్కే అడ్డం పెట్టారు, లోగో లోపలివైపుకు. దాని కింద కూర్చున్న పిల్లలు ఇంటి నుంచి సీసాలు తెచ్చుకుంటున్నారు. అవీ బోరు నీళ్లే.