సవరణ: మౌంట్ కుక్ ఎత్తు, మంచు మీద దిగే విమానం

న్యూజిలాండ్‌లోని అవొరాకి మౌంట్ కుక్ చుట్టూ చిన్న విమానంలో తిరిగొచ్చి పోయిన వారం రాసిన దాంట్లో రెండు తప్పులు దొర్లాయి. చదివినవాళ్లకు క్షమాపణలు.

మొదటిది ఎత్తు. 3,764 మీటర్లని రాశాను. అది పాత లెక్క. 1991 డిసెంబరులో శిఖరం నుంచి పెద్ద రాతిచరియ విరిగిపడింది. అప్పుడు తగ్గింది పది మీటర్లే అనుకున్నారు. కానీ పైన మిగిలిన మంచు టోపీ ఆ తర్వాత కూడా అరుగుతూనే వచ్చింది. 2013లో ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్లు జీపీఎస్‌తో కొలిస్తే 3,724 మీటర్లు తేలింది. ఇప్పుడు అదే సరైన ఎత్తు. కిటికీలోంచి అంత స్థిరంగా కనిపించిన కొండ ఇలా తరుగుతోందని తెలిశాక, తీసిన ఫొటోలన్నీ మళ్లీ చూసుకున్నాను.

రెండోది, టాస్మన్ హిమానీనదం మీద "చక్రాలతోనే దిగాం" అన్నాను. కాదు. చక్రాలు రన్‌వే కోసం. మంచు దగ్గరికి వచ్చేసరికి పైలట్ స్కీలను, అంటే మంచు మీద జారే పొడవాటి బద్దలను, చక్రాల కంటే కిందికి దించుతాడు. దిగేటప్పుడు నా చూపంతా ఎదురుగా ఉన్న తెల్లదనం మీదే ఉంది, కింద ఏం కదిలిందో గమనించలేదు. ఇలా పైకీ కిందికీ కదిలే స్కీలతో 1955లో ఇదే టాస్మన్ మీద మొదట విమానం దింపింది హ్యారీ విగ్లీ. ఆయన పేరు వదిలేయడం నాకు మరీ బాధగా అనిపించింది.

రెక్క పైన ఉండే విమానం కాబట్టి కిందికి చూపు అడ్డు లేకుండా ఆనుతుందని రాసింది మాత్రం సరైనదే.