ఫ్లెక్సిబుల్ బడ్జెట్ గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఫ్లెక్సిబుల్ బడ్జెట్ గారికి,

నమస్కారములు. ఇంటీరియర్ పని మొదలైన నాడు తమరిని సాదరంగా ఇంట్లోకి పిలిచినవాణ్ణి నేనే కనుక, ఈ లేఖలోని నిష్ఠూరంలో సగం నాకే చెందుతుందని ముందే ఒప్పుకుంటున్నాను. ఎటు కావాలంటే అటు వంగుతారని విని నమ్మాను. ఈ ఎనిమిది నెలల్లో తమరు పైకి సాగడమే చూశాను తప్ప, కిందికి వంగడం ఒక్కసారీ చూడలేదు.

పడకగది వార్డ్‌రోబ్ సంగతే చూడండి. 6 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు. ముందు భాగం కొలిస్తే 42 చదరపు అడుగులు. పైన వదిలేస్తే దుమ్ము పేరుకుంటుందని 2 అడుగుల లాఫ్ట్ చేర్చాం, 54 అయింది. ఇంతవరకు తమ తప్పేమీ లేదు. పని పెరిగింది, లెక్క పెరిగింది. అయితే ఆ 12 చదరపు అడుగుల సందడిలో తలుపుల పైపొరగా అనుకున్న లామినేట్ కాస్తా ఖరీదైన అక్రిలిక్ అయింది, మామూలు తలుపు బందుల చోట చప్పుడు లేకుండా మూసుకునే సాఫ్ట్ క్లోజ్‌వి వచ్చాయి, కొత్త రేటు చాప కింద నీరులా పాత 42 అడుగులకూ పాకింది. ఇంత ఎందుకయిందని తమరిని అడిగితే "లాఫ్ట్ చేర్చమన్నారు కదండీ" అన్నారు. తన మీద మోపిన నేరాల బరువుకు ఆ లాఫ్ట్ ఇంకా కూలకపోవడం ప్లైవుడ్ గొప్పతనమే.

అకౌంట్స్ చదివినవారి దగ్గర తమ నడవడి వేరట. పని పరిమాణం మారితే ముందే ఖాయం చేసుకున్న రేటుతో లెక్క తిరగవేసి, అసలు ఖర్చును దాని పక్కన పెట్టి, పరిమాణం వల్ల పెరిగినదెంత, రేటు వల్ల పెరిగినదెంత అని అక్కడ తమరు నిక్కచ్చిగా విడదీసి చూపుతారట. స్థిర ఖర్చులు అక్కడ స్థిరంగానే ఉంటాయట. మా ఇంట్లో మాత్రం డిజైనర్ ఫీజు మొత్తం ఖర్చులో ఇంత శాతమని కుదిరింది కనుక, అదీ తమ చిటికెన వేలు పట్టుకుని పెరిగింది.

అనుకోని ఖర్చులకని పక్కన పెట్టిన 10 శాతం, ఒక్క గోడైనా పగలకముందే సీలింగ్ లైట్లలో వెలిగిపోయింది. టైల్స్ అతికించాక స్విచ్‌బోర్డు జరపవలసి వచ్చిన రోజున, ఆ లైట్ల కింద నిలబడి అప్పు అడిగాను.

రేపు ఉదయం వంటగది కొలతలకు వడ్రంగి వస్తున్నారు. ఆయన టేపు చాచే వేళకు తమరు దయచేసి ఇంట్లో ఉండవద్దు. అడిగితే ఊళ్ళో లేరని చెబుతాను.

ఇట్లు,
తమరిని నమ్మి రేట్ల కాగితం రాయించుకోని గృహస్థు