"లాగి చూశా మేడమ్, రాలేదు"

పొద్దున్నే ఒళ్ళు మండింది. ఇంకా మండుతూనే ఉంది, అందుకే రాస్తున్నా.

నిన్న రాత్రి కరెంటు పోయింది. బెంగళూరు మారతహళ్ళిలో అదేమీ వార్త కాదు. ఇన్వర్టర్ ఉందిగా అని ధీమాగా కూర్చుంటే, పావుగంటకల్లా ప్లాస్టిక్ మాడిన కంపు. వెళ్ళి చూస్తే బ్యాటరీ ప్లస్ మీద లగ్గు (వైరు చివర నొక్కి బిగించే గొట్టం ఉన్న లోహపు ముక్క) నల్లబడి, వైరు తొడుగు వేలెడంత మేర మెత్తబడి జారిపోయింది. అంతా ఆపేసి, చల్లారాక వైరు పట్టుకుని కాస్త తిప్పాను. ఊడి చేతిలోకి వచ్చేసింది. పాలపన్ను కూడా అంత సులువుగా ఊడదు.

నెల క్రితం ఓనర్ గారి ఆస్థాన ఎలక్ట్రీషియన్ వేసిన లగ్గు అది. పోస్ట్‌మార్టంలో అన్నీ బయటపడ్డాయి. వైరు పోగులన్నీ లగ్గు గొట్టంలో పట్టలేదని పక్కవాటిని కత్తిరించేశాడు. తొడుగు సరిగ్గా ఒలవకుండా దాన్నీ లోపలికే తోశాడు. మీద స్క్రూడ్రైవర్ పెట్టి సుత్తితో ఒక్కటిచ్చాడు. ఆపైన నల్ల టేపు. ఏ పాపానికైనా అదేగా దుప్పటి!

పిలిస్తే పొద్దున వచ్చాడు. మొదటి మాట, "సార్ లేరా?"

ఉన్నారు, ల్యాప్‌టాప్ ముందు. ఆయనకు ఫ్యూజుకీ ఫ్యాను రెగ్యులేటరుకీ తేడా చెప్పమంటే యూట్యూబ్ తెరుస్తారు. పీణ్య ఫ్యాక్టరీల్లో ప్యానెల్ బోర్డుల క్యూసీలో, అంటే నాణ్యత తనిఖీలో, తొమ్మిదేళ్ళుగా లగ్గులు చూసి చూసి కళ్ళు అరగదీసుకున్నది నేను. "ఏంటన్నా ఇది?" అంటే, "లాగి చూశా మేడమ్, రాలేదు" అన్నాడు.

లాగితే రానిదల్లా గట్టిదేనా? గోడమీద పోస్టర్ కూడా రాదు. లాగే ముందు కళ్ళతో చూడాలి నాయనా. గొట్టం అవతలి అంచు దాటి పోగులు కొద్దిగా కనిపించాలి. తొడుగు గొట్టంలో దూరకూడదు. ఒక్క పోగూ తెగకూడదు. రంగు ప్లాస్టిక్ తొడుగున్న చిన్న లగ్గుల్లో ఎరుపు 0.5 నుంచి 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరుకి, నీలం 2.5 దాకా, పసుపు 4 నుంచి 6కి. చీర మీదకి మ్యాచింగ్ కోసం పెట్టిన రంగులు కావవి. లాగడానికీ ఒక లెక్కుంది. 14 ఏడబ్ల్యూజీ (అమెరికా వైరు గేజు) రాగి వైరైతే యూఎల్ అనే అమెరికా భద్రతా సంస్థ ప్రమాణంలో 50 పౌండ్లు, అంటే దాదాపు 23 కిలోలు. ఇంచుమించు పాతిక కిలోల బియ్యం బస్తా నిమిషంపాటు వేలాడినా ఊడకూడదన్నమాట. అలా పరీక్షించిన ముక్కని పారేస్తాం, ప్యానెల్లో పెట్టం.

అయినా ఊడకపోవడం వేరు, కరెంటు సాఫీగా పోవడం వేరు. 600 వాట్ల లోడుకి 12 వోల్టుల బ్యాటరీ నుంచి 50 ఆంపియర్లు లాగుతుంది. ఆ జాయింటులో ఓములో నూరో వంతు నిరోధం ఉన్నా 25 వాట్ల వేడి. అంటే మా బ్యాటరీ మీద ఒక సోల్డరింగ్ ఐరన్ ఆన్ చేసి పెట్టి వెళ్ళాడు మహానుభావుడు. పైగా, "మీద సోల్డర్ పోసేస్తా మేడమ్, జన్మలో రాదు." మాడే జాయింటుకి కరిగే మందు!

ఓనర్ గారు మన తెలుగువారే, చిత్తూరు వైపు. ఫోన్ చేస్తే, "స్వల్ప అడ్జస్ట్ మాడి అమ్మా" అని కన్నడంలో, కొంచెం సర్దుకోమని నవ్వు. పది నెలల అడ్వాన్స్ అడిగినప్పుడు ఆ స్వల్పం ఎక్కడికి పోయింది సార్?

అసలు ఆ అబ్బాయిని అని ఏం లాభం? నా మొదటి కంపెనీలో లగ్గులు నొక్కే అసలైన పనిముట్టు, ర్యాచెట్ క్రింపర్ కొన్నారు. పూర్తిగా నొక్కందే నోరు విప్పదు, సగం నొక్కి వదిలేద్దామన్నా కుదరదు. మరి దాన్నేం చేశారు? కుర్రాళ్ళు పాడుచేస్తారని బీరువాలో పెట్టి తాళం వేశారు. కస్టమర్ ఇన్‌స్పెక్షన్ రోజున తెల్లగుడ్డ పరిచి బల్లమీద పెట్టేవారు, బొమ్మల కొలువులా. ఆయన గేటు దాటగానే మళ్ళీ బీరువాలోకి. కుర్రాళ్ళకి కటింగ్ ప్లేయరే గతి. ఒకసారి నలభై లగ్గులకు ఎర్ర స్టిక్కర్లు అంటించాను. మర్నాటికి స్టిక్కర్లు మాయం, లగ్గులు అవే, ప్యానెల్ లారీ ఎక్కేసింది. "నీకన్నీ తప్పులే కనిపిస్తాయేంటమ్మా, ఇంట్లోనూ ఇంతేనా?" అన్నాడు సూపర్‌వైజర్. షాపంతా నవ్వింది. ఏడేళ్ళయింది, ఎవరెవరు నవ్వారో పేరుపేరునా గుర్తుంది.

అవును, ఇంట్లోనూ ఇంతే. ఎలక్ట్రికల్ సామాన్ల బజారు ఎస్పీ రోడ్డుకెళ్ళి లగ్గు తెచ్చి నేనే వేసుకుంటా.

ఇది టైప్ చేస్తుండగానే ఓనర్ గారి వాట్సాప్: "అబ్బాయితో మాట్లాడానమ్మా. సాయంత్రం వచ్చి కొత్త టేపు చుట్టి వెళ్తాడు. సార్‌ని ఇంట్లో ఉండమను."