చదరపు అడుగులా సార్?

ప్రపంచ హృదయ దినోత్సవం సెప్టెంబర్ 29న. చీమకుర్తి దగ్గర నేను బిల్లులు రాసే గ్రానైట్ ఫ్యాక్టరీ యాజమాన్యానికి ఆ రోజున, కార్మికులకూ గుండె ఉంటుందని గుర్తుకొచ్చింది. షామియానా వేశారు. గుండె బొమ్మతో బ్యానర్ కట్టారు. ముందు వరుస మాబోటి గుమాస్తాలకు, వెనుక వరుసలు తెల్లవారుజాము నుంచి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ పలకలు ఎత్తి దించినవాళ్లకు.

ఒంగోలు నుంచి వచ్చిన వక్త గంభీరంగా సెలవిచ్చాడు: "గుండె పదిలంగా ఉండాలంటే రోజుకు పదివేల అడుగులు తప్పనిసరి."

వెనుక నుంచి ఒక గొంతు అమాయకంగా అడిగింది: "చదరపు అడుగులా సార్?"

వక్తకు అర్థం కాలేదు. మేనేజరుకు అర్థమైంది, నవ్వలేదు. చదరపు అడుగుల లెక్కన పని చూపించేవాడికి అడుగు అంటే ఇంకేమిటి? పైగా ఆ పదివేల లెక్క వైద్యులు తేల్చినది కాదు. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే మీటరును అమ్ముకోవడానికి పెట్టిన పేరులోంచి పుట్టింది.

ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటకూడదన్నారు. మంచి మాటే. ఆ వెంటనే తలా ఒక మిక్చర్ పొట్లం పంచారు. మూడు నెలల్లో అందరి రక్తపోటూ 140 లోపుకు దిగాలని మేనేజరు టార్గెట్ ప్రకటించాడు. దిగనివారికి బోనస్ కోస్తాడేమోనని మా క్యాషియర్ బెంగ పెట్టుకున్నాడు.

పాలిషింగ్ మిషన్ దగ్గర పనిచేసే ఒకతనికి రక్తపోటు 170 మీద 110 వచ్చింది. "టెన్షన్ తగ్గించుకో నాయనా, ధ్యానం చెయ్యి" అని వక్త భుజం తట్టాడు. "అట్టాగే సార్" అని అతను తిరిగి మిషన్ దగ్గరికే వెళ్లాడు. సూపర్‌వైజర్ హాజరు పుస్తకం పట్టుకుని నిలబడి ఉన్నాడు మరి.

పన్నెండు గంటల షిఫ్టు, వారానికి ఆరు రోజులు. గుణించండి, 72. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి గుండెజబ్బుతో చనిపోయే ప్రమాదం 17 శాతం, పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లోనే లెక్క తేల్చాయి. ఆ ముక్క బ్యానర్ మీద ఎందుకు లేదు? షిఫ్టు తగ్గించే దమ్ము లేక మనిషిని ధ్యానం చేయమంటారా? వాడి గుండెను పిండేది మీరు, దాన్ని కాపాడుకోవలసింది వాడా? సిగ్గుండాలి!

సాయంత్రం గేటుకు నోటీసు అంటించారు. శిబిరంలో పోయిన గంటను ఆదివారం పనిచేసి పూడ్చాలట. గుండె బొమ్మ పక్కనే అంటించారు.