ఒక్క కోతకు ఇన్ని మీటలా?

పాటలు రికార్డు చేసే సాఫ్ట్‌వేర్‌లో ఆడియో క్లిప్‌ను రెండు ముక్కలు చేయాలి, అంతే. దానికి కీబోర్డుపై నొక్కాల్సిన మీట రీపర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఎస్, ఏబుల్టన్ లైవ్‌లో కంట్రోల్ ఇ, లాజిక్‌లో కమాండ్ టి. ఒకదానికి అలవాటుపడ్డ వేళ్లు ఇంకోదానిలో తడబడతాయి.

నిన్న రాత్రి మంచి ట్యూన్ తట్టింది. పాడి రికార్డు చేసి, మధ్యలో దగ్గు వచ్చిన చోట కోద్దామని ఎస్ నొక్కాను. క్లిప్ తెగలేదు, సింథ్ (సాఫ్ట్‌వేర్‌లోని ఎలక్ట్రానిక్ వాయిద్యం) మోగింది! కంప్యూటర్ కీబోర్డునే పియానోగా వాడే మోడ్ ఆన్‌లో ఉంది. దాన్ని ఆపే మీట కోసం మెనూలన్నీ గాలించేసరికి రెండో చరణం మనసులోంచి జారిపోయింది. ప్రాణం ఉసూరుమంది.

స్పేస్ నొక్కితే పాట మోగడం దాదాపు అన్నిట్లోనూ ఒకటే కదా. కోతకూ, రికార్డుకూ అలాగే పెడితే ఏం పోయింది? కొన్నిట్లో మనమే మార్చుకోవచ్చు, నిజమే. కానీ వందల కమాండ్లు ఒక్కొక్కటే మార్చుకుంటూ కూర్చుంటే పాట ఎప్పుడు చేసుకోవాలి?