సెలవుల్లో ప్రయోగాలు: తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక

బడికి సెలవులివ్వడం ఆలస్యం, పిల్లల చేతికి దారం, స్కేలు, కొవ్వొత్తి అందించే పెద్దలు ఎక్కువైపోయారు. చేతులతో చేసి చూస్తే లెక్కలూ సైన్సూ బుర్రకెక్కుతాయని వీరి వాదన. ఎక్కుతాయి, కాదనను. ఎక్కినవి మళ్లీ దిగవు, అదీ ఇబ్బంది.

వృత్తం చుట్టుకొలతను అడ్డుకొలతతో భాగిస్తే వచ్చే 'పై' (π) విలువ సంగతే చూడండి. బడిలో అది 3.14. రాశామా, మార్కు పడిందా, అంతే. ఇంట్లో పిల్లవాడు డబ్బా మూత చుట్టూ దారం తిప్పి, ఆ పొడవును మూత అడ్డుకొలతతో భాగించి 3.2 వచ్చిందంటాడు. పళ్లేనికి 3.1 వస్తుంది. తప్పురా అంటే, "ఎంతవరకు తప్పు రావచ్చు?" అని అడుగుతాడు. దారం ఎంత సాగింది, గీతకూ గీతకూ మధ్య కొలతను ఎంత ఉజ్జాయింపుగా చదివాం అని కూర్చుని లెక్కలు కడతాడు. దీనికి ఏ పరీక్షలోనూ అరమార్కు లేదు.

లోలకంతో పెద్దరికానికే ఎసరు. దారానికి తాళంచెవి కట్టి ఊపితే, దారం మీటరు పొడవున్నప్పుడు ఒకసారి వెళ్లి రావడానికి సుమారు 2 సెకన్లు. సెకను చేయాలంటే దారాన్ని సగం చేస్తే చాలదు, పావు చేయాలి. చెవి తీసి అంతకంటే బరువైన గుత్తి కట్టినా సమయం మారదు. "బరువెక్కువైతే నెమ్మదిగా ఊగుతుంది" అని అప్పటికే ప్రకటించేసిన ఇంటిపెద్ద మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

అసలు ఘోరం కొవ్వొత్తిది. నీళ్ల పళ్లెంలో వెలుగుతున్న కొవ్వొత్తి మీద గ్లాసు బోర్లిస్తే మంట ఆరి నీళ్లు పైకెక్కుతాయి. గాలిలో ఐదోవంతు ఆక్సిజన్, అది ఖర్చయిపోయింది, ఆ చోటికి నీళ్లొచ్చాయి అని తరతరాలుగా చెప్పుకుని హాయిగా ఉన్నాం. ఇప్పుడో పిల్ల మూడు కొవ్వొత్తులు పెట్టింది. నీళ్లు ఇంకా పైకెక్కాయి. "గ్లాసు అదే, గాలి అంతే, ఆక్సిజన్ ఎలా పెరిగింది?" అంది. పైగా నీళ్లు జోరుగా ఎక్కేది మంట వెలుగుతున్నప్పుడు కాదట, ఆరాకట. వేడెక్కి వ్యాకోచించిన గాలి చల్లారి కుంచించుకోవడమే ముఖ్య కారణమనీ, మంట ఆరేటప్పటికి ఆక్సిజన్ ఇంకా మిగిలే ఉంటుందనీ తేల్చింది. ఎంత అందంగా కుదిరిన ఐదోవంతు! దాన్ని ఒక్క మధ్యాహ్నంలో పాడుచేసింది.

ఈ జాడ్యం పాతదే. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో ఎరటోస్తనీస్ అలెగ్జాండ్రియా గ్రంథాలయానికి అధిపతి. అన్ని పుస్తకాలు చేతికింద పెట్టుకుని, నీడ వెంట పడ్డాడు. మధ్యాహ్నపు నీడ కోణం వృత్తంలో 50వ వంతని చూసి భూమి చుట్టుకొలత కట్టాడు. సిలబస్ పట్ల ఇంత నిర్లక్ష్యమా?

ప్రయోగం తప్పదంటే మర్యాదైన మార్గం సైన్సు కిట్టు. ముక్కలన్నిటికీ అంకెలుంటాయి, రావాల్సిన ఫలితం మూత మీద బొమ్మగా ఉంటుంది, రాకపోతే తప్పు పిల్లది. అంతకన్నా క్షేమం, బడి తెరిచే ముందురాత్రి నాన్నగారే కూర్చుని అగ్నిపర్వతం అంటించి, కింద పాప పేరు రాయడం.

దారం వదలనని మొండికేస్తే లోలకం ఊపుకోనివ్వండి, స్టాప్‌వాచ్ మాత్రం దాచేయండి. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని లెక్కపెట్టేవాళ్లూ ఉంటారు, ఆ చెయ్యి మీద ఒక కన్నేసి ఉంచండి.