కానిస్టేబుల్‌కి లైసెన్స్ చూపించక్కర్లేదా? ఆ ఫార్వర్డు సంగతి చూద్దాం

పోయిన నెల మా బంధువుల గ్రూపులో చిన్నమామయ్య ఒక మెసేజ్ పెట్టారు. పైన "పోలీసుల గురించి ప్రతి పౌరుడూ తెలుసుకోవలసిన నిజాలు" అని, కింద "పది మందికి పంపండి" అని ఉంది. మీ గ్రూపుల్లోకీ వచ్చే ఉంటుంది. మాటలు కాస్త అటూ ఇటూ మారినా సరుకు ఇదే: కానిస్టేబుల్‌కి బండి ఆపే హక్కూ లేదు, లైసెన్స్ అడిగే హక్కూ లేదు, కనీసం ఏఎస్ఐ (అసిస్టెంట్ సబ్ ఇన్‌స్పెక్టర్) వచ్చి అడగాలి. భుజం మీద స్టార్లు ఎన్ని ఎక్కువుంటే అంత పెద్ద ఆఫీసర్. కమిషనర్ అంటే ఎప్పుడైనా ఎస్పీకి పైవాడే. డీజీపీ తలుచుకుంటే ఏ కేసైనా ఎత్తేయొచ్చు, ఆయన పైన సీబీఐ ఉంటుంది. మనిషి తప్పిపోతే 24 గంటలు దాటాకే ఫిర్యాదు తీసుకుంటారు. మన ఏరియా స్టేషన్ కాకపోతే ఎఫ్ఐఆర్ రాయరు, ఎస్ఐ రాయనంటే ఇక చేసేదేమీ లేదు.

మా నాన్న హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు. మెసేజ్ చదివి, ఫోన్ బోర్లా పెట్టి, "మీ మామయ్య బండికి చలానా పడినట్టుంది" అన్నారు.

చలానా సంగతేమో గానీ, ఇది నమ్మితే రోడ్డు మీద కానిస్టేబుల్ దగ్గర అనవసరంగా గొడవకు దిగుతాం, స్టేషన్లో ఎస్ఐ ముందు అనవసరంగా నోరు మూసుకుంటాం. ఒక్కో ముక్కే చూద్దాం.

ముందు కానిస్టేబుల్. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 130లో మాట స్పష్టంగా ఉంది. బహిరంగ స్థలంలో బండి నడిపేవాడు, యూనిఫాంలో ఉన్న ఏ పోలీసు అధికారి అడిగినా లైసెన్స్ చూపాలి. "ఏ" అంటే ఏదైనా. కానిస్టేబుల్ కూడా చట్టం లెక్కలో పోలీసు అధికారే. ట్రాఫిక్ డ్యూటీలో ఉన్న పోలీసు ఆగమంటే ఆగాలని సెక్షన్ 119 చెబుతుంది. తాగి నడుపుతున్నారేమోనని మిషన్‌లో ఊదించే అధికారం సెక్షన్ 203 ఇస్తుంది, అక్కడా ఉన్నది యూనిఫాం మాటే, స్టార్ల మాట లేదు. అంతెందుకు, వారంట్ లేకుండా అరెస్టు చేసే అధికారం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 35లో ఉంది (2024 జూలై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, అంటే సీఆర్‌పీసీ, బదులు వచ్చిన చట్టం ఇదే). అది కూడా "ఏ పోలీసు అధికారి అయినా" అనే మొదలవుతుంది.

చట్టానికి ర్యాంకు కావాలంటే ర్యాంకు పేరు పెట్టి మరీ రాస్తుంది. అదే సెక్షన్ 35లో చివరి క్లాజు చూడండి. మూడేళ్ల లోపు శిక్ష పడే నేరంలో అరవై దాటిన మనిషినో, జబ్బుతో ఉన్న మనిషినో అరెస్టు చేయాలంటే డీఎస్పీ (డిప్యూటీ ఎస్పీ) స్థాయికి తగ్గని అధికారి ముందుగా అనుమతి ఇవ్వాలి. ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం కేసుల దర్యాప్తు డీఎస్పీకి తగ్గని అధికారే చేయాలని 1995 నాటి రూల్స్‌లో ఏడో రూలు. ర్యాంకు చెప్పని చోట మనమే ఊహించుకుని ఏఎస్ఐని తెచ్చి కూర్చోబెట్టకూడదు.

అయితే ఈ ఏఎస్ఐ మాట గాల్లోంచి పుట్టిందని కూడా అనలేను. రోడ్డు మీదే జరిమానా కట్టించుకుని కేసు అక్కడితో ముగించే అధికారం ఎవరికి ఉండాలో మోటారు వాహనాల చట్టం సెక్షన్ 200 కింద రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేస్తుంది. "డబ్బు వసూలు చేసే ర్యాంకు వేరు" అన్నది ఎవరి నోట్లోనో "లైసెన్స్ అడిగే ర్యాంకు వేరు" అయి ఉంటుంది. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. బండి తాళం చెవి లాక్కోమని ఆ చట్టంలో ఎక్కడా లేదు. లాక్కుంటే మర్యాదగా అడగండి, తప్పు లేదు. ఇక కాగితాలు ఇంట్లో మర్చిపోయాననే టెన్షన్ అక్కర్లేదు, 2018లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో రూల్ 139 మార్చాక డిజీలాకర్ యాప్‌లో చూపించినా చెల్లుతుంది.

నాన్న స్టేషన్ రైటర్‌గా చేసిన రోజులు నాకు బాగా గుర్తు. రాత్రి పదింటికి వచ్చేవారు, చొక్కా కఫ్‌ల మీద కార్బన్ పేపర్ మరకలు. అమ్మ నిమ్మచెక్క పెట్టి రుద్దేది, పోయేవి కావు. ఎవరు ఏ డ్యూటీకి వెళ్లారు, ఎప్పుడు తిరిగొచ్చారు, ఎవరు ఏ ఫిర్యాదుతో వచ్చారు, అన్నీ గంటా నిమిషంతో జనరల్ డైరీలో ఎక్కించాలి. స్టేషన్లో అందరూ దాన్ని జీడీ అంటారు. సెంట్రీ, రాత్రి బీట్లు, సమన్లు ఇవ్వడం, కోర్టు డ్యూటీ, జాతర బందోబస్తు, ఈ చాకిరీ అంతా స్టార్లు లేని భుజాల మీదే నడుస్తుంది. అధికారం లేదట!

ఇప్పుడు ఆ స్టార్లు. లెక్కపెట్టి ర్యాంకు తేలుస్తామంటే డీజీపీ కంటే ఏఎస్ఐ పెద్దవాడవుతాడు. ఏఎస్ఐకి ఒక స్టారు ఉంది, డీజీపీకి ఒక్కటీ లేదు. ఆయన భుజం మీద ఉండేది అడ్డంగా వేసిన కత్తీ లాఠీ, పైన అశోక చిహ్నం. ఐజీకి కత్తీ లాఠీతో పాటు ఒక స్టారు. ఆయన కింద పనిచేసే డీఐజీకి అశోక చిహ్నంతో మూడు. ఎస్పీకి అశోక చిహ్నం, ఒక స్టారు. అదనపు ఎస్పీకి చిహ్నం మాత్రమే. సీఐకీ మూడు, డీఎస్పీకీ మూడు. తేడా అంతా స్టార్ల కింద ఎరుపు నీలం రిబ్బనులో ఉంది. ఏఎస్ఐ, ఎస్ఐ, ఇన్‌స్పెక్టర్లకు ఆ రిబ్బను ఉంటుంది, డీఎస్పీ నుంచి ఉండదు.

ఇందులో నాన్నే ఒకసారి దెబ్బతిన్నారు. ఏదో తిరునాళ్ల బందోబస్తులో, రెండు స్టార్లతో ఒక కుర్రాడు తాడు దాటి లోపలికి వస్తున్నాడు. కొత్త ఎస్ఐ అనుకుని, "సార్, ఇటు కాదు, మీ పాయింట్ అటు" అని చెయ్యి చూపించారట. తీరా చూస్తే రిబ్బను లేదు, స్టార్ల కింద ఐపీఎస్ అని లోహపు అక్షరాలు. ట్రైనింగులో ఉన్న ఏఎస్పీ, అంటే అసిస్టెంట్ ఎస్పీ. శిక్షణ కాలంలో వాళ్లకీ ముందు ఒకటి, తర్వాత రెండు స్టార్లే ఉంటాయి. ఆ కుర్రాడు నవ్వేసి నాన్న చూపించిన పాయింటుకే వెళ్లాడట, అది వేరే సంగతి.

కమిషనర్ అనేది ర్యాంకు కాదు, పోస్టు. హైదరాబాద్ కమిషనర్ కుర్చీలో అదనపు డీజీ స్థాయివాళ్లు కూర్చుంటారు. 2016లో తెలంగాణలో కొత్త జిల్లాలతో పాటు కరీంనగర్, నిజామాబాద్, ఖమ్మం, సిద్దిపేట, రామగుండం కూడా కమిషనరేట్లయ్యాయి. అక్కడ కుర్చీ పేరు అదే అయినా హైదరాబాద్ స్థాయి అధికారి రావాలని లేదు. కాబట్టి "కమిషనర్" అన్న మాట వినగానే ర్యాంకు తేల్చేయలేం. కమిషనరేట్‌లో డీసీపీ అంటే జిల్లాలో ఎస్పీకి సమానం, ఏసీపీ అంటే డీఎస్పీ. అసలు తేడా ర్యాంకులో కాదు, కమిషనర్‌కి కొన్ని మేజిస్ట్రేటు అధికారాలు కూడా ఉండటంలో ఉంది. హైదరాబాద్‌లో ఇది కొత్తదేం కాదు. నగర పోలీసు చట్టం ఇప్పటికీ నిజాం నాటి 1348 ఫసలీ (అప్పటి సంవత్సరాల లెక్క) చట్టమే. అప్పట్లో ఆ కుర్చీ పేరు కొత్వాల్. 1920 నుంచి 1934 దాకా అందులో కూర్చున్న రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి పేరే ఇవాళ తెలంగాణ పోలీసు అకాడమీకి ఉంది.

స్టేషన్ పెద్ద ఎవరన్నది కూడా ఊరిని బట్టి మారుతుంది. మండలంలో స్టేషన్ హౌస్ ఆఫీసర్ ఎస్ఐ. కొన్ని స్టేషన్లు కలిపి ఒక సర్కిల్, దానికి సీఐ. కొన్ని సర్కిళ్లు కలిపి సబ్ డివిజన్, దానికి డీఎస్పీ. సిటీలో చాలా స్టేషన్లకు ఇన్‌స్పెక్టరే నేరుగా పెద్ద. ఆయన కింద సర్కిలేమీ ఉండదు, అయినా జనం సీఐ గారనే అంటారు. ఇక ఖాకీ వేసుకున్న ప్రతివాళ్లూ కేసు రాసేవాళ్లు కాదు. ఖైదీల ఎస్కార్టుకు వచ్చే ఆర్మ్‌డ్ రిజర్వు వాళ్లో, బెటాలియన్ల వాళ్లో, నక్సలైట్ల మీద పోరుకని 1989లో పుట్టిన గ్రేహౌండ్స్ వాళ్లో మీకు తెలిసినవాళ్లయినా మీ చైన్ స్నాచింగ్ కేసు దర్యాప్తు చేయలేరు.

డీజీపీ ఒక్క ఫోన్ చేస్తే కేసు పోతుందా? ఆయన దర్యాప్తు అధికారిని మార్చగలరు, కేసును సీఐడీకి ఇవ్వగలరు. స్టేషన్ ఆఫీసర్‌కి ఉన్న అధికారాలన్నీ పై అధికారులకూ తమ పరిధి మొత్తంలో ఉంటాయని నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 30 చెబుతుంది. కానీ ఎఫ్ఐఆర్ ఒకసారి పుట్టాక దాన్ని చంపడం పోలీసు చేతిలో లేదు. సాక్ష్యం లేదనుకున్నా ఆ నివేదిక మేజిస్ట్రేటు ముందుకే వెళ్లాలి. ఆయనకు నచ్చకపోతే ఇంకా దర్యాప్తు చేయమనొచ్చు. కేసు మూసే ముందు ఫిర్యాదు చేసిన మనిషికి నోటీసిచ్చి వినాలని సుప్రీంకోర్టు 1985లోనే భగవంత్ సింగ్ కేసులో చెప్పింది. ప్రభుత్వం కేసు ఉపసంహరించుకోవాలన్నా ప్రాసిక్యూటర్ అడగాలి, కోర్టు ఒప్పుకోవాలి, కొత్త చట్టం ప్రకారం బాధితుడికీ మాట్లాడే అవకాశం ఇవ్వాలి. ఒత్తిళ్లు ఉండవా అంటే ఉంటాయి, దర్యాప్తును నీరుగార్చడం వేరే విద్య. "ఎత్తేసే అధికారం" మాత్రం ఎవరి భుజం మీదా లేదు.

సీబీఐ పై అధికారి అన్నది పూర్తిగా తప్పు. పోలీసు శాఖ రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో రాష్ట్రాల జాబితాలో ఉంది. సీబీఐ 1946 నాటి ఢిల్లీ స్పెషల్ పోలీస్ ఎస్టాబ్లిష్‌మెంట్ చట్టం కింద నడుస్తుంది, రాష్ట్రంలో అడుగు పెట్టాలంటే ఆ రాష్ట్రం సమ్మతి కావాలి. హైకోర్టో సుప్రీంకోర్టో ఆదేశిస్తే తప్ప. ఆంధ్రప్రదేశ్ 2018 నవంబరులో ఆ సమ్మతి వెనక్కి తీసుకుని 2019 జూన్‌లో మళ్లీ ఇచ్చింది. తెలంగాణ 2022 ఆగస్టులో వెనక్కి తీసుకుంది. పై అధికారిని ఎవరైనా గుమ్మం దగ్గర ఆపుతారా?

అన్నిటికంటే ప్రమాదకరమైనది 24 గంటల మాట. అలాంటి రూలు లేదు, ఎప్పుడూ లేదు. ఆ అంకె ఉన్నది వేరే చోట: అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణం. అది పోలీసుకు పెట్టిన గడువు. తిప్పి మన నెత్తిన పెట్టారు.

రెండేళ్ల కిందట మా వీధిలో ఒక పెద్దాయన, మతిమరుపు జబ్బు, సాయంత్రం పాల ప్యాకెట్‌కని వెళ్లి తిరిగి రాలేదు. రాత్రి తొమ్మిదింటికి వాళ్లబ్బాయి మా ఇంటికొచ్చాడు. "రేపు సాయంత్రం దాకా తీసుకోరట కదా అన్నా" అన్నాడు. నాన్న చొక్కా తొడుక్కుని అతన్ని వెంటబెట్టుకుని వెళ్లారు. అక్కడ సెంట్రీ కూడా "పొద్దున రండి" అనే అన్నాడట. నాన్న కదల్లేదు, "ముందు జీడీలో రాయమను బాబూ" అని బెంచీ మీద కూర్చున్నారు. ఫొటో, చొక్కా రంగు, చేతి మీద పాత కాలిన మచ్చ, అన్నీ రాయించారు. రాత్రి ఒంటిగంటన్నరకు బస్టాండులో గస్తీ కానిస్టేబుల్ మచ్చ చూసి గుర్తుపట్టాడు. పాల ప్యాకెట్ ఆయన చేతిలోనే ఉంది. పిల్లల విషయంలో ఇంకా గట్టి మాట ఉంది. తప్పిపోయిన బిడ్డ కేసును కిడ్నాపో అక్రమ రవాణానో అన్న అనుమానంతోనే మొదలుపెట్టి ఎఫ్ఐఆర్ చేయాలని 2013 మేలో సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఏరియా సంగతి కూడా అంతే. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు ఇవ్వచ్చు, జీరో ఎఫ్ఐఆర్ రాసి సంబంధిత స్టేషన్‌కి పంపడం వాళ్ల పని. నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173లో ఇప్పుడది నేరుగా ఉంది. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. కాగ్నిజబుల్ నేరం (వారంట్ లేకుండా పోలీసులు అరెస్టు చేయగలిగే నేరం) సమాచారం అందితే ఎఫ్ఐఆర్ రాయడం ఎస్ఐ దయ కాదని 2013 నవంబరులో లలితా కుమారి కేసులో అయిదుగురు జడ్జీలు తేల్చారు. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో మాత్రం, డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ ముగించుకోవచ్చని కొత్త చట్టం వీలిచ్చింది. ఎస్ఐ గారు "ఎంక్వైరీలో ఉంది" అంటే, "డీఎస్పీ గారి పర్మిషన్ ఏ తేదీది సార్?" అని అడగండి. ఎఫ్ఐఆర్ అయితే కాపీ ఉచితంగా ఇవ్వాలి, జిరాక్సు డబ్బులు కూడా అడగకూడదు.

అప్పటికీ రాయనంటే, అదే ఫిర్యాదు ఎస్పీకి, కమిషనరేట్‌లో అయితే ఆ ఏరియా డీసీపీకి, రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఆ దారి సెక్షన్ 173లోనే నాలుగో సబ్ సెక్షన్లో ఉంది. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు. పోస్టాఫీసు రసీదు మాత్రం పారేయకండి, ఎస్పీకి పంపామని అఫిడవిట్‌తో చెబితేనే మేజిస్ట్రేటు సెక్షన్ 175 కింద దర్యాప్తుకు ఆదేశించగలరు.